పాటను కలిపే బల్ల

తిరుపతి వీధుల్లో నడుస్తుంటే ఎక్కడో ఒకచోట అన్నమయ్య కీర్తన చెవిన పడుతుంది. గొంతు, వీణ, మృదంగం, వెనక తంబురా, అన్నీ ఒక్క స్పీకరులోంచే వస్తున్నాయి గదా! అయినా ఏదీ మరొకదాన్ని మింగేయదు. ఎందుకని?

ముందు ఒక్క మాట. 1503లో కన్నుమూసిన అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద మనకు దక్కాయి. వాటిపై సాహిత్యముంది, రాగం పేరుంది. స్వరాలు మాత్రం లేవు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు వాటికి కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. శబ్దాన్ని పట్టి ఉంచే సాధనం ఆనాడు లేదు మరి!

స్టూడియోలో గాయకుడికి ఒక మైకు, వాద్యాలకు వేరువేరు మైకులు పెడతారు. మైకు శబ్దపు అలను అదే ఆకారం గల వోల్టేజి అలగా మారుస్తుంది. ఇదే అనలాగ్. పూర్వం దీన్ని ఐరన్ ఆక్సైడు పూసిన టేపు మీద అయస్కాంతత్వంగా నిలిపేవారు.

డిజిటల్ పద్ధతి వేరు. ఆసుపత్రిలో నర్సమ్మ గంటగంటకూ జ్వరం చూసి చార్టులో రాస్తుంది చూశారా? అలాగే ఇది వోల్టేజిని కొలిచి అంకెలు రాసుకుంటుంది. అయితే గంటకొకసారి కాదు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 సార్లు! ఎందుకన్ని? మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. ఆ అలను తిరిగి గీయాలంటే కంపనానికి రెండుకు మించి కొలతలు కావాలి. ప్రతి కొలతనూ 65,536 మెట్ల నిచ్చెనలో దగ్గరి మెట్టుకు చేరుస్తారు.

ఇక కలపడం. మిక్సరు బల్ల మీద ఒక్కో వాద్యానికీ ఒక్కో మీట. గొంతుకు అడ్డొచ్చే మృదంగపు మంద్రధ్వనిని కాస్త తగ్గిస్తారు. వీణను కొంచెం ఎడమకు జరుపుతారు. కొందరు కంప్యూటరులోని అంకెలను మళ్లీ వోల్టేజిగా మార్చి, అనలాగ్ బల్ల మీద కలిపి, ఫలితాన్ని తిరిగి అంకెలుగా దాస్తారు. ఈ తిరుగుడంతా ఎందుకు? శబ్దం హద్దు మీరినప్పుడు టేపు, వాల్వుల వంటివి అల శిఖరాన్ని మెల్లగా గుండ్రం చేస్తాయి. చెవికది నిండుగా, ఇంపుగా ఉంటుంది. అంతమాత్రాన అనలాగే గొప్పదనే వారితో నేను ఏకీభవించను. ప్రతి నకలుకూ టేపులో 'స్‌స్' అనే రొద పెరుగుతుంది. అంకెలను వెయ్యిసార్లు నకలు తీసినా మారవు.

కాని డిజిటల్‌లో ఒక ప్రమాదముంది. నిచ్చెన పైమెట్టు దాటితే అంకే లేదు! అల శిఖరం కత్తితో కోసినట్టు తెగిపోతుంది. తరువాత వాల్యూము తగ్గించినా ఆ ముక్క తిరిగి రాదు. నాకిది అనుభవమే. గంగజాతరలో ఒక అవ్వ పాడుతుంటే చిన్న డిజిటల్ రికార్డరుతో పట్టాను. గొంతు సన్నగా ఉందని మీట బాగా పైకి తిప్పాను. అంతలో పక్కన పలకలు మోగాయి. మీటరు ఎర్రగీతకు బాగా కిందే ఉంచి ఉంటే సరిపోయేది. సన్నని గొంతును తరువాత పెంచుకోవచ్చు.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆ రికార్డింగులో పలకల దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆమె పాట సగం సగం వినబడుతుంది.