లెక్కలో లేనివారిని కూడా అడగాలి

నెహెమ్యా యెరూషలేము చేరగానే పని మొదలుపెట్టలేదు. మూడు దినాలు ఆగి, రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి కూలిన గోడలను చూసి వచ్చాడు. ఆ తరువాతే ప్రజలతో మాట్లాడాడు. కట్టడానికి ముందు ఉన్న స్థితి తెలుసుకోవాలన్న ఈ క్రమాన్ని నేటి యూదులు ఎలా పాటిస్తున్నారో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో చూడవచ్చు.

అక్కడ సమాజమందిరాలు దేనికది స్వతంత్రంగా నడుస్తాయి. వాటితోపాటు ‘జ్యూయిష్ ఫెడరేషన్’ అనే ఉమ్మడి సంస్థ ఉంది. అది కానుకలు పోగుచేసి పాఠశాలలకు, వృద్ధుల సంరక్షణకు, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు, మందిరాల భద్రతకు కేటాయిస్తుంది. ఎవరి అవసరం ఏమిటో తెలియకపోతే ఎలా కేటాయించగలరు? మన దేశంలో జనాభా లెక్కలవారు మతం అడుగుతారు. అమెరికా జనగణనలో ఆ ప్రశ్నే ఉండదు. కాబట్టి యూదులు తమను తామే లెక్కించుకోవాలి.

2002 తరువాత మళ్లీ 2017లో పిట్స్‌బర్గ్‌లో అలాంటి సర్వే జరిగింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాన్ని నిర్వహించారు. 26,800 ఇళ్లలో సుమారు 49,200 మంది యూదులు ఉన్నారని తేలింది. పదిహేనేళ్లలో ఈ సంఖ్య సుమారు ఏడు వేలు పెరిగింది.

ఇలాంటి సర్వేలో కష్టమైన పని ప్రశ్నలు తయారుచేయడం కాదు, అడగవలసినవారిని కనుగొనడం. మందిరానికి క్రమంగా వచ్చేవారి పేర్లు రిజిస్టరులో ఉంటాయి. రావడం మానేసినవారు, అన్యమతస్థులను పెళ్లాడినవారు, ఉద్యోగరీత్యా కొత్తగా వచ్చినవారు, ఇల్లు కదలలేని వృద్ధులు ఏ జాబితాలోనూ కనబడకపోవచ్చు. వచ్చేవారిని మాత్రమే అడిగితే అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఆ జవాబులతో వేసే ప్రణాళిక కూడా వారికే సరిపోతుంది.

2018 అక్టోబరు 27, విశ్రాంతిదినాన, ఆ నగరంలోని ‘ట్రీ ఆఫ్ లైఫ్’ సమాజమందిరంలోకి ఒక దుండగుడు తుపాకితో చొరబడి 11 మందిని చంపాడు. ఆ భవనంలో మూడు సంఘాలు ఆరాధించేవి. ఇక దాన్ని ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు అంకెలు జవాబు చెప్పలేవు. ప్రాణాలతో బయటపడినవారిని, ఆప్తులను కోల్పోయినవారిని, ఇరుగుపొరుగును కూర్చోబెట్టి వినవలసి వచ్చింది. అందరూ ఒకే మాట చెప్పలేదు. డోర్ హడాష్, న్యూ లైట్ సంఘాలు వేరే సమాజమందిరాలలో ఆరాధన కొనసాగించాయి. ట్రీ ఆఫ్ లైఫ్ సంఘం అదే స్థలంలో తిరిగి కట్టాలని నిర్ణయించుకుంది. ఆరాధన స్థలం, స్మారకం, యూదు ద్వేషాన్ని గూర్చి బోధించే కేంద్రం ఒకేచోట ఉండేలా తలపెట్టిన కొత్త నిర్మాణానికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. దాడి జరిగి అప్పటికి అయిదున్నరేళ్లు దాటింది.

వినడానికి కాలం పడుతుంది. విన్నంతమాత్రాన అందరూ ఏకమవుతారనీ కాదు. అయినా తమను అడిగారన్న సంగతి నొచ్చుకున్నవారికి చిన్నది కాదు.

మన సంఘాలలోనూ కొత్త మందిరం గురించి, యువజన పరిచర్య గురించి కమిటీలు కూర్చుంటాయి. ఈసారి కూర్చునే ముందు రిజిస్టరు తెరిచి, ఏడాదిగా కనబడనివారి పేర్లు రాసుకుందాం. వారి ఇంటికి వెళ్దాం. రమ్మని చెప్పడానికి ముందు, ఏమి కావాలని అడుగుదాం.