మొజార్టు విడిచిన చోటు

రాత్రి షిఫ్టు వారు గనులకు వెళ్లిన తరువాత గోదావరిఖని వీధులు కొంతసేపు సద్దు మణుగుతవి. అటువంటి వేళలలో నేనీమధ్య పలుమారులు విన్న సంగీతం మొజార్టు వ్రాసిన అయిదవ వయొలిన్ కన్‌చర్టో. సాల్జ్‌బర్గు నగరంలో 1775 డిసెంబరు 20వ తేదీ వేసిన రచన యిది. అప్పటికి మొజార్టుకు పందొమ్మిదేండ్లు. మన త్యాగరాజస్వామి ఎనిమిదేండ్ల బాలుడు.

కన్‌చర్టో అనగా ఒక వాద్యానికీ వాద్యబృందానికీ నడుమ జరిగే సంవాదం. ఇందులోని బృందం చిన్నది: రెండు ఓబోలు, రెండు హార్నులు, తక్కినవన్నీ తంత్రీవాద్యాలే. బృందం చురుకైన నడకతో ఎత్తుకొని, ముగించి, ఆగుతుంది. వయొలిన్ కూడ ఆ వేగాన్నే అందుకొంటుందని శ్రోత ఎదురుచూస్తాడు. కాని అది వచ్చేది విలంబంలో! ఆలాపనవంటి నాలుగు పలుకులు పలికి, అప్పుడుగాని పరుగందుకోదు. అందుకొన్నప్పుడైనా, బృందం మొదట వాయించిన స్వరాలను అడుగున పరచి, వాటిపై తన క్రొత్త పాటను అల్లుతుంది. అంతవరకు మనం పాట అనుకొన్నది పాటకు పునాది మాత్రమేనని అప్పటికి తెలిసివస్తుంది. ఈ చమత్కారాన్ని ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరలేదు.

స్వరస్థానాలనుబట్టి ఇది మన శంకరాభరణమే. గమకం లేదు, భిన్నస్వరాలు ఏకకాలంలో పలికి ఆ లోటు తీరుస్తవి. మూడవ భాగంలో మర్యాదగా సాగుతున్న నాట్యగతిలోనికి తురుష్క ఛాయగల ఒక ఘట్టం చొరబడుతుంది. అక్కడ మంద్రస్థాయి వాద్యకారులు కమాను కర్రతో తీగెలను కొడతారు.

ఇంతకూ నా మనస్సును పట్టినది వేరొకటి. మొదటి రెండు భాగాలు ముగియడానికి ముందు బృందమంతా ఒక్కచోట నిలిచి మౌనం వహిస్తుంది. ఆ చోటును కడెన్జా అంటారు. అక్కడ వాయించడానికి మొజార్టు వ్రాసినదేదీ మనకు దక్కలేదు. అది వాద్యకారుని మనోధర్మానికి విడిచిన స్థలం. మన కల్పనస్వరాలకు దగ్గరి చుట్టం. తరువాతి శతాబ్దిలో జోసెఫ్ జోకిమ్ వంటి విద్వాంసులు దానికి కడెన్జాలు వ్రాసిపెట్టినారు. నేటికీ పలువురు వాటినే వల్లించి వాయిస్తారు. కల్పన కూర్చోవలసిన పీటపై కంఠపాఠం కూర్చున్నదన్నమాట! స్వంతంగా కల్పించుకొనేవారు ఇప్పుడు మరల కొందరు కనిపించడం సంతోషకరం.

ఆ వాద్యమే మన దేశంలో వేరొక దారి పట్టినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఐరోపా విద్వాంసునివద్ద దానిని అభ్యసించి మన సంగీతానికి మలచినారు. గడ్డం క్రిందినుండి అది పాదంమీదికి దిగినది. చేయి గమకానికి స్వేచ్ఛ పొందినది. అయినా చాలకాలం పక్కవాద్యంగానే మిగిలినది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) దానిని ఏకవాద్యంగా సభామధ్యంలో నిలిపినారు. అక్కడ మొజార్టు కొన్ని క్షణాలు విడిచిన చోటు, ఇక్కడ నాయుడుగారి చేతిలో కచేరీ అంతటా పరచుకొన్నది.

ఈ కన్‌చర్టో వినగోరేవారు ఇద్దరు ముగ్గురు వాయించినవి వరుసగా వినవలెను. తక్కినదంతా ఇంచుమించు ఒక్కటే. మొదటి భాగం ముగియబోతూ బృందం ఆగినప్పుడు మాత్రం చెవి నిలిపి వినండి. అక్కడ ఎవరి త్రోవ వారిది.