ఇసుకతీరపు గుల్లలు: పుట్టుక, పెరుగుదల

దిల్‌సుఖ్‌నగర్, లాల్‌బహదూర్‌నగర్ పేటలకు సముద్రము మిక్కిలి దూరము. అక్కడినుండి విజయవాడ బాట పట్టి కాకినాడ తీరము చేరుటకు దాదాపు 500 కిలోమీటర్లు పోవలెను. అయినను గుల్లసున్నము పేరు వినని పెద్దలు ఆ పేటలలోను అరుదు. తాంబూలమునకు వాడు ఆ సున్నము సముద్రపు గుల్లల చిప్పలను కాల్చగా వచ్చినదే. చిప్పలోని మాంసము కోస్తా పల్లెలలో ఆహారము. వాటిని ఏరుట అనేకులకు జీవనాధారము. ఎన్ని ఏరినను తరుగని నిధి యని మనము అనుకొనవచ్చును. అది నిజమగునా?

ఇందుకు ఆ పేటలనే ఉపమానముగా గైకొందము. అక్కడ జనసంఖ్య పెరిగినది పుట్టుకలవలననే కాదు. ఇతర జిల్లాలనుండి వచ్చి నిలిచినవారివలన కూడ. గుల్లల స్థావరమును అట్టిదే. పెద్ద గుల్లలు బీజములను నీటిలోనికి విడుచును. అక్కడనే ఫలదీకరణము జరిగి, కంటికి కానరాని పిల్లలు కొన్ని వారములు ప్రవాహములో తేలియాడి, పిదప అనువైన నేలపై దిగును. తల్లి యున్నచోటనే బిడ్డ దిగవలెనను నియమము లేదు. ఒక్కొక్క ఆడగుల్ల లక్షలకొలది గ్రుడ్లు విడిచినను బ్రతికి బట్టకట్టునవి బహు కొద్ది. కావుననే ఒక యేడు నిండుగానున్న తీరము మరుసటి యేడు వెలితిగా కనబడును.

కాకినాడ అఖాతమును హోప్ ద్వీపమను పొడవైన ఇసుకదిన్నె బంగాళాఖాతపు అలలనుండి కాపాడుచున్నది. అచ్చట ఇసుకపాలు హెచ్చుగానున్నచోట మెరెట్రిక్స్ జాతి గుల్లలు, మెత్తని బురదలో అనడారా గ్రానోసా అను గుల్లలు వసించును. ఈ రెండవదాని నెత్తురు మన నెత్తురువలె ఎఱ్ఱనిది. హీమోగ్లోబినే అందుకు కారణము. గోదావరి వరదనీరు వచ్చి ఉప్పదనము తగ్గినప్పుడు గుల్లలు చిప్పలు బిగించుకొని కొంతకాలము ఓర్చుకొనును. ఆ స్థితి చాలకాలము సాగినచో నశించును.

గుల్ల వయస్సు తెలియుట ఎట్లు? 1947లో స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ అఖాతపు గుల్లలను నెలనెల సేకరించి పొడవులు కొలిచిరి. ఒకే కాలమున పుట్టినవి ఇంచుమించు ఒకే పొడవు గలిగియుండును. ఆ గుంపు సగటు పొడవు నెలనెలకు ఎంత ముందునకు జరిగినదో చూచినచో పెరుగుదల తెలియును. ఎఱ్ఱనెత్తురు గుల్ల మొదటి యేట సుమారు 3 సెంటీమీటర్లు, రెండవ యేటికి 5 సెంటీమీటర్లకు చేరువగా పెరుగును. వయస్సు మీరినకొలది పెరుగుదల మందగించును. సుమారు 2 సెంటీమీటర్లకు అది సంతానయోగ్యమగును.

ఇక లెక్క చూతము. ఆకారము మారనిచో బరువు పొడవు యొక్క ఘనమును అనుసరించి పెరుగును. అనగా 4 సెంటీమీటర్ల గుల్ల ఒకటి 2 సెంటీమీటర్ల గుల్లలు ఎనిమిదింటి యెత్తు తూగును. ఎనిమిది పిల్లలను విడిచిపెట్టగా అందు సగము చచ్చినవనుకొన్నను, మిగిలిన నాలుగును ముప్పదిరెండు పిల్లల బరువు తూగును. ఓపికపట్టినవారికి నాలుగింతల ఫలము. పైగా ఆ నాలుగును ఈలోగా సంతానమును విడిచియుండును. అట్లని ముసలివగువరకు విడిచినను లాభము లేదు. పెరుగుదల ఆగును, మరణములు ఆగవు.

అయితే పోటులేని వేళ మోకాలిలోతు నీటిలో వంగి ఏరువారికి ఆ పూట గడువవలెను. నేను విడిచినదానిని పొరుగువాడు ఏరుకొనిపోవునను భయమును కలదు. కావున ఒక్కరి ఓపిక చాలదు. ఊరంతయు ఒక కట్టుబాటునకు రావలెను. కేరళలోని కొల్లముచెంత అష్టముడి సరస్సులో అట్లే జరిగినది. గుల్లలు బీజములు విడుచు డిసెంబరునుండి ఫిబ్రవరివరకు అచ్చట వేట నిలిపివేసి, చిన్నవి జారిపోవు కన్నుల వలలను విధించిరి. 2014లో ఆ వేటకు సముద్ర పరిరక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ మండలి ధ్రువపత్రము లభించినది. భారతదేశమున అట్టి గౌరవము పొందినది అదియే మొదటిది.

చిన్నవానిని విడుచుట, బీజకాలమున ఆగుట: ఈ రెండు నియమములు పాటించిన తీరమున మన మనుమలును గుల్లలు ఏరుకొనగలరు.