రొయ్యల చెరువు లెక్కలే వ్యాపారానికి మదుపు

కొండకర్ల: ఆవలో తాటి దోనెపై తిరిగేవారు నీటి వాలకం చూసి చేప జాడ చెబుతారు. రొయ్యల రైతుకు కంటిచూపు ఒక్కటే చాలదు. రాత్రివేళ చెరువులోని నాచు ప్రాణవాయువును తయారు చేయదు. పైగా రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు ప్రాణవాయువు అడుగంటుతుంది. ఆ వేళ రైతు కునుకు తీస్తే లక్షల పంట ఒక్కపూటలో పోవచ్చు.

ఈ జాగారం బాధ నుంచే ఒక వ్యాపారం పుట్టింది. రావి శ్రీరామ్ 2012లో విజయవాడలో ‘ఏరువాక టెక్నాలజీస్’ స్థాపించారు. తొలి దుక్కి పండుగ పేరే సంస్థకు పెట్టారు. చెరువులో తేలే పరికరం ప్రాణవాయువును, నీటి వేడిని కొలిచి రైతు ఫోనుకు కబురు పంపుతుంది. గాలి చక్రాలను ఇంటి నుంచే తిప్పవచ్చు.

లెక్కలు పోగుపడిన కొద్దీ కొత్త పరికరాలు వచ్చాయి. రొయ్యల సాగులో పెద్ద ఖర్చు మేతది. ఎక్కువైతే నీరు చెడుతుంది, తక్కువైతే రొయ్య ఎదగదు. అందుకే రొయ్యలు తినే చప్పుడును నీటిలోని మైకుతో విని, ఆకలి మేరకే మేత చల్లే యంత్రం తెచ్చారు. నెదర్లాండ్స్ మేత కంపెనీ న్యూట్రెకో ఈ సంస్థలో పెట్టుబడి పెట్టింది.

స్టార్టప్ అనే ఇలాంటి సంస్థలకు రైతు చెరువు లెక్కే సరుకు. కనుక పరికరం కొనే రైతు ధర, మరమ్మతుల సంగతితో పాటు, తన లెక్కలు ఎవరి చేతికి పోతాయో కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.