సమ్మర్ బ్రేక్ అయిపోయింది: ఈ ఆదివారం జాండ్‌వోర్ట్‌లో ఏం చూడాలి?

నాలుగు వారాలైంది ఎఫ్1 రేస్ చూసి. నాకైతే ఆదివారం సాయంత్రాలు ఏం చేయాలో తోచలేదు. సరే, ఎదురుచూపులు అయిపోయాయి. ఆగస్టు 29 నుంచి 31 వరకు నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో డచ్ గ్రాండ్ ప్రి. 2025 సీజన్‌లో మొత్తం 24 రేసులు, 14 అయిపోయాయి, ఇది 15వది. ఈ ఎపిసోడ్‌లో మూడు విషయాలు చెప్తాను: మనం ఎక్కడ ఆగాం, ఈ ట్రాక్ స్పెషల్ ఏంటి, ఆదివారం దేని మీద కన్నేయాలి. కొత్తగా చూస్తున్నవాళ్లు కూడా భయపడకండి, అన్నీ మొదటి నుంచే చెప్తా.

ముందు ఈ బ్రేక్ సంగతి. చాలామంది దీన్ని డ్రైవర్లకిచ్చే సెలవు అనుకుంటారు. నిజానికి ఇది టీమ్ మొత్తానికి రూల్. ప్రతి టీమ్ వరుసగా 14 రోజులు ఫ్యాక్టరీ మూసేయాలి. కారు డిజైన్ చేయకూడదు, విండ్ టనెల్ నడపకూడదు, పార్ట్స్ తయారు చేయకూడదు. ఈ రూల్ లేకపోతే ఏమవుతుంది? పక్క టీమ్ పని చేస్తోందేమో అన్న భయంతో ఎవరూ ఇంటికెళ్లరు. కాబట్టి బ్రేక్ తర్వాత ఎవరో రాకెట్ తెచ్చేస్తారని ఆశ పెట్టుకోకండి. పైగా 2026లో కార్లు, ఇంజిన్లు రెండూ మారిపోతున్నాయి. చాలా టీముల బుర్ర, డబ్బు ఇప్పటికే వచ్చే ఏడాది కారు మీదకి వెళ్లిపోయాయి.

ఇప్పుడు పాయింట్లు చూద్దాం. ఆస్కార్ పియాస్ట్రి 284, లాండో నోరిస్ 275. ఇద్దరూ మెక్‌లారెన్ వాళ్లే. మూడో స్థానంలో మాక్స్ వెర్‌స్టాపెన్ 187. గెలుపులు చూస్తే పియాస్ట్రికి 6, నోరిస్‌కి 5, మాక్స్‌కి 2, జార్జ్ రసెల్‌కి 1. ఫెరారీ ఖాతాలో ఒక్క గ్రాండ్ ప్రి కూడా లేదు.

లీడర్‌కీ నోరిస్‌కీ తేడా 9 పాయింట్లే. దీని అర్థం తెలియాలంటే చిన్న లెక్క. గెలిస్తే 25, రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15. ఆదివారం నోరిస్ గెలిచి పియాస్ట్రి సెకండ్ వస్తే తేడా 2కి పడిపోతుంది. అదే పియాస్ట్రి థర్డ్ వస్తే నోరిస్ ఒక్క పాయింట్‌తో పైకొస్తాడు. అంటే వీళ్లిద్దరి మధ్య ఒక్క కారు దూరినా చాలు, చాంపియన్‌షిప్ లీడర్ మారిపోతాడు. అలాగే ఇద్దరిలో ఎవరి కారు ఆగిపోయినా మొత్తం లెక్క తలకిందులే.

మరి మాక్స్? లీడర్ కంటే 97 వెనక. పది రేసులు, మూడు స్ప్రింట్‌లు మిగిలాయి కాబట్టి లెక్క ప్రకారం ఇంకా ఉన్నాడు. కానీ హంగేరీలో రెడ్ బుల్ కారులో అతను తొమ్మిదో స్థానంలో వచ్చాడు. ఆ కారుతో టైటిల్ అంటే కష్టమే.

హంగేరీ అంటే గుర్తొచ్చింది, ఆ రేస్ మర్చిపోతే ఈ వారం అర్థం కాదు. నోరిస్ మూడో స్థానం నుంచి మొదలుపెట్టి, మొదట్లోనే ఐదుకి జారిపోయాడు. పోయేదేముందని ఒకేసారి టైర్లు మార్చి చివరిదాకా లాగాడు. పియాస్ట్రి రెండుసార్లు మార్చి, కొత్త టైర్లతో వెంటపడ్డాడు. చివర్లో టర్న్ 1లో లోపలికి దూరబోయి వీల్స్ లాక్ చేశాడు, టీమ్‌మేట్‌ని కొద్దిలో తప్పించాడు. చివరికి నోరిస్ 0.698 సెకన్ల తేడాతో గెలిచాడు. అంతకుముందు జూన్‌లో కెనడాలో నోరిస్ వెనక నుంచి పియాస్ట్రికి తగిలి తన రేస్ తనే పోగొట్టుకున్నాడు. మెక్‌లారెన్ వీళ్లకి పెట్టిన రూల్ ఒక్కటే: పోటీ పడండి, కానీ గుద్దుకోవద్దు. చెప్పడం తేలిక. టైటిల్ దగ్గరపడే కొద్దీ ఆ రూల్ ఎంతకాలం నిలుస్తుందన్నదే ఈ సీజన్‌లో అసలు ప్రశ్న.

ఇక ట్రాక్. జాండ్‌వోర్ట్ సముద్రం పక్కన, ఇసుక దిబ్బల మధ్య ఉంటుంది. గాలి వీస్తే ఇసుక ట్రాక్ మీదకొస్తుంది, గ్రిప్ పోతుంది. వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. 2023లో వాన వల్ల రేస్ మధ్యలో ఆపేశారు కూడా. ల్యాప్ 4.259 కిలోమీటర్లు, మొత్తం 72 ల్యాప్‌లు. 1985లో ఇక్కడ నికీ లౌడా గెలిచాక ఎఫ్1 వెళ్లిపోయింది. మాక్స్ పుణ్యమా అని 2021లో తిరిగొచ్చింది. వచ్చే ఏడాదితో మళ్లీ క్యాలెండర్ నుంచి పోతోంది. అంటే ఆ ఆరెంజ్ పొగలు, ఆ గోల చూడటానికి ఇక మిగిలింది ఇదీ, ఇంకొక్కటీ.

ఈ ట్రాక్‌లో రెండు మలుపులు చూసి తీరాలి, టర్న్ 3, చివరి మలుపు టర్న్ 14. రెండూ దాదాపు 18, 19 డిగ్రీలు వాలుగా ఉంటాయి. ఎగ్జిబిషన్‌లో చెక్కల బావిలో గోడ మీద బైక్ తిప్పే షో చూశారా? స్పీడ్ ఉన్నంతసేపు బైక్ గోడకి అతుక్కుని ఉంటుంది కదా. ఇక్కడ అంత నిలువుగా ఉండదు కానీ సూత్రం అదే. వాలు వల్ల కారు ట్రాక్‌లోకి నొక్కుకుంటుంది, కాబట్టి ఎక్కువ స్పీడ్‌తో తిరగొచ్చు. టర్న్ 3లో కొందరు కింద నుంచి దగ్గరి దారిలో వెళ్తారు, కొందరు పైకెక్కి దూరం ఎక్కువైనా స్పీడ్ పోకుండా దిగుతారు. అది గమనించండి, మజా వస్తుంది. అయితే ఊరికే ఏదీ రాదు. అక్కడ టైర్ల మీద పడే భారం మామూలుగా ఉండదు.

సమస్య ఏంటంటే ట్రాక్ ఇరుకు. ముందు కారు గాలిని చెదరగొడుతుంది, వెనక కారుకి గ్రిప్ తగ్గుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే ముఖ్యంగా టర్న్ 1 దగ్గరే. అందుకే 2021 నుంచి జరిగిన నాలుగు రేసుల్లోనూ పోల్‌లో ఉన్నవాడే గెలిచాడు. మొదటి మూడు మాక్స్, పోయినేడాది నోరిస్. అయితే పోయినేడాది నోరిస్ స్టార్ట్‌లోనే మాక్స్‌కి లీడ్ ఇచ్చేశాడు. 18వ ల్యాప్‌లో టర్న్ 1లో తిరిగి తీసుకుని, దాదాపు 23 సెకన్ల తేడాతో గెలిచాడు. అంటే కారు నిజంగా ఫాస్ట్ అయితే దారి దొరుకుతుంది. కానీ ఈసారి ఎదురుగా ఉండేది అదే కారులో టీమ్‌మేట్!

ఈసారి రెండు మార్పులున్నాయి. ఒకటి, పిరెల్లీ ఒక మెట్టు మెత్తటి టైర్లు తెస్తోంది: సీ2, సీ3, సీ4. మెత్తటి టైర్ స్పీడ్ ఇస్తుంది, త్వరగా అరిగిపోతుంది. రెండు, పిట్ లేన్‌లో స్పీడ్ లిమిట్ 60 నుంచి 80కి పెంచారు. ఉదాహరణకి 300 మీటర్లు అనుకోండి. 60లో వెళ్తే 18 సెకన్లు, 80లో వెళ్తే 13.5. అంటే పిట్‌లోకి వెళ్తే పడే నష్టం తగ్గింది. ఒక్క స్టాప్‌తో సరిపెట్టేవాళ్లు ఇప్పుడు రెండో స్టాప్ గురించి ఆలోచిస్తారు. హంగేరీలో ఈ ఒకటా రెండా అన్నదే రేస్‌ని తేల్చింది, గుర్తుంది కదా.

మిగతావాళ్లలో నా కన్ను లూయిస్ హామిల్టన్ మీద ఉంది. హంగేరీ క్వాలిఫయింగ్‌లో 12వ స్థానం వచ్చాక ఏడుసార్లు చాంపియన్ అయిన మనిషి తనని తానే పనికిరానివాణ్ని అనుకున్నాడు. వినడానికే బాధేసింది. ఈ విరామం అతనికి అందరికంటే ఎక్కువ అవసరం.

మన టైమ్‌లో చూస్తే శుక్రవారం ప్రాక్టీస్ సాయంత్రం 4కి, రాత్రి 7.30కి. శనివారం మూడో ప్రాక్టీస్ మధ్యాహ్నం 3కి, క్వాలిఫయింగ్ సాయంత్రం 6.30కి. ఆదివారం రేస్ కూడా 6.30కే. అర్ధరాత్రి అలారాలు అక్కర్లేదు, ఇంట్లో తిట్లూ ఉండవు. ఒక్కటే చూసే టైమ్ ఉంటే చాలామంది ఆదివారం అంటారు. నేనైతే ఈ ట్రాక్‌కి శనివారం మిస్ కావద్దంటాను. పోల్ ఎవరిదో తేలితే సగం కథ తేలినట్టే.

నా అంచనా అడిగితే, పోయినేడాది ఇక్కడ చూపించిన స్పీడ్‌ని బట్టి నోరిస్ ఒక్క మెట్టు ముందున్నాడు. కానీ పియాస్ట్రి కంగారుపడే రకం కాదు, ఆ 9 పాయింట్లు అంత సులువుగా వదలడు. మరి మీరెవరి వైపు? ఆదివారం రేస్ అయ్యాక మళ్లీ కలుద్దాం. ఉంటాను.