ఆటగాని వయస్సు

న్యాయవాది ఏబదియవ యేట పేరు గడించును. వైద్యునకు తల నెరసినకొలది రోగులు పెరుగుదురు. ఆటగానికి మాత్రము అంతకు ఎంతో ముందే ఇంటిదారి చూపుదురు. గోల్ఫు ఆటలో కొంత వెసులుబాటు కలదు. అందు బంతి కదలక నేలమీద ఉండును. ఆటగాడు తన సావకాశము చూచుకొని కొట్టును. కనుకనే 2016లో ముకేశ్ కుమార్ అను భారతీయ వృత్తిక్రీడాకారుడు 51వ యేట ఢిల్లీలో పానసోనిక్ ఓపెన్ పోటీని గెలువగలిగెను. క్రికెట్టులో బంతి మనమీదికి దూసుకొని వచ్చును. చూపు, కాలు ఏమాత్రము మందగించినను వికెట్టు పోవును.

అట్టి ఆటలో అరువదియేండ్లు దాటువరకు నిలిచినవాడు మన తెలుగువాడు, కర్నల్ సి. కె. నాయుడు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895 అక్టోబరు 31న ఆయన జన్మించెను. ఆ కాలమున క్రికెట్టు కూడు పెట్టెడి వృత్తి కాదు. ఆటగానికి సంస్థానాధీశుల ఆదరణయే ఆధారము. 1923లో హోల్కరు ప్రభువు నాయుడును ఇందూరునకు రప్పించి తన సైన్యములో ఉద్యోగ మిచ్చెను. 1926 డిసెంబరులో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై ఆయన 11 సిక్సర్లతో 153 పరుగులు చేయగా, భారతీయులు ఇంగ్లండువారికి దీటుగా ఆడగలరని లోకము గుర్తించెను.

1932లో మన జట్టు మొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్లెను. నాయకుడుగా వెళ్లినవారు పోర్బందరు మహారాజు. తన ఆట ఆ స్థాయికి చాలదని గ్రహించి ఆయన తప్పుకొనెను, ఉపనాయకుడు గాయపడెను. అందుచే జూన్ 25న లార్డ్స్ మైదానమున జట్టును నడపు భారము నాయుడుపై పడెను. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినను, మొదటి ఇన్నింగ్సులో ఆయన చేసిన 40 పరుగులే మన జట్టులో అత్యధికము. ఆ పర్యటనలో ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసెను.

ఎత్తు వెనుకనే పల్లము. 1936లో నాయకత్వము విజయనగరము మహారాజకుమారుడు విజ్జీకి దక్కెను. విశాఖపట్టణము వారికి ఈ పేరు కొత్తది కాదు. ఆయన 1960లోను, 1962లోను ఇచ్చటినుండియే లోకసభకు ఎన్నికయ్యెను. రేడియోలో ఆయన క్రికెట్టు వ్యాఖ్యానము విన్న పెద్దలు నేటికిని కలరు. కాని టెస్టు ఆటగాడుగా ఆయన మూడు ఆటలలో చేసినవి 33 పరుగులు మాత్రమే. అట్టివాని కింద, నలుబదియేండ్లు నిండిన నాయుడు సామాన్య సభ్యుడుగా ఆడెను. ఓవల్ మైదానమున తన కడపటి టెస్టు ఇన్నింగ్సులో, ఆలెన్ విసరిన బంతి దేహమునకు బలముగా తగిలినను కదలక నిలిచి 81 పరుగులు చేసెను. ఆయన టెస్టు జీవితము ఏడు ఆటలతో ముగిసెను.

మరియొకడైనచో అంతటితో బ్యాటు మూలనుంచి, చేదు మాటలతో శేషకాలము గడిపియుండును. నాయుడు మరల హోల్కరు జట్టుకు పోయెను. 1945-46 రంజీ తుదిపోటీలో, తన ఏబదియవ యేట, బరోడాపై 200 పరుగులు చేసెను. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. ఆ 1953-54 లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ పోటీలో దిగెను. ఆ పసి జట్టును నడపుటకు 58 ఏండ్ల నాయుడు వచ్చెను. గెలుపు కలిగిన జట్టును వెదకుకొనక, నేర్పవలసిన జట్టుకు వచ్చుట గమనింపదగినది. 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడి, తన కడపటి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు చేసెను. అప్పటికి ఆయనకు 61 ఏండ్లు నిండినవి. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూసెను.

ఆటగాని జీవితములో రెండు భాగములు కలవు. పదవి ఇతరుల చేతిలోనిది, ఇత్తురు, తీసికొందురు. సాధన తన చేతిలోనిది. దానిని ఎవ్వరును తీసికొనలేరు. నాయుడు మొదటిదానిని పోగొట్టుకొని రెండవదానిని ఇరువదియేండ్లు కాపాడుకొనెను.

విశాఖపట్టణములో నేడు మధురవాడ మైదానము కలదు; 2016 నుండి అచట టెస్టు ఆటలు జరుగుచున్నవి. దేశమున యువకుల కొరకు నడపు ఒక క్రికెట్టు పోటీకి కర్నల్ నాయుడు పేరు పెట్టిరి. అరువది దాటియు ఆడినవాని పేర ఇరువదియేండ్ల కుర్రవాండ్రు ఆడుచున్నారు. ఆ పేరు వెనుక నున్న జీవితమును మన ఇంటి పిల్లలకు ఒకసారి చెప్పుట మంచిది.