రెండు మాటల పోలిష్ వాక్యం

ఒక భాష స్వభావం తెలుసుకోవడానికి దాని మహాకావ్యాలే అక్కరలేదు. ఇండ్లలో నిత్యం వినబడే చిన్న వాక్యమైనా చాలును. వార్సాలోనో క్రాకూవ్‌లోనో ఒక స్త్రీని "నిన్న సాయంత్రం ఏమి చేశారు?" అని అడిగితే, ఆమె "చితావమ్ క్శోంష్కె" అని బదులు చెప్పవచ్చును. "పుస్తకం చదువుకున్నాను" అని దీని స్థూలార్థం. మాటలు రెండే. మొదటిది క్రియ, రెండవది కర్మ. "నేను" అనే కర్త పైకి కనబడదు. తెలుగులో వలెనే క్రియాంతంలో ఇమిడి ఉన్నది. ఇంత చిన్న వాక్యంలో పోలిష్ వ్యాకరణపు ముఖ్య లక్షణాలు నాలుగైదు ఒదిగి ఉన్నవి. పోలిష్ రచనలు తెలుగువారికి సాధారణంగా ఇంగ్లీషు ద్వారా అందుతున్నవి గనుక, ఆ త్రోవలో వీటిలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో తెలియడం రచయితలకు, విశేషించి అనువాదకులకు, ఎంతైనా అవసరం.

మొదట క్రియను చూడవలెను. "చితావమ్" అన్నది స్త్రీ మాత్రమే అనగల మాట. అదే సంగతి పురుషుడు చెబితే "చితావెమ్" అంటాడు. ఈ భేదం ఎట్లా వచ్చిందో విచారిస్తే మన పండితులకు పరిచితమైన మార్గమే కనబడుతుంది. పోలిష్ స్లావిక్ శాఖకు చెందిన భాష. రష్యన్, చెక్ భాషలకు తోబుట్టువు, సంస్కృతానికి దూరపు జ్ఞాతి. "చితావ" అన్న భాగం పూర్వం "చదివినది" అనే అర్థమిచ్చే కృదంతం. దాని చివర చేరిన "మ్" ఒకప్పటి "ఉన్నాను" అనే క్రియకు అవశేషం. సంస్కృతంలోని "అస్మి"కి అది దాయాది. స్త్రీ "పఠితవతీ అస్మి" అనీ, పురుషుడు "పఠితవాన్ అస్మి" అనీ పలికినట్లే ఇదీ. కృదంతం విశేషణం వంటిది గనుక లింగాన్ని తెలుపుతుంది. చివరి "మ్" ఉత్తమపురుషను తెలుపుతుంది. "మైఁ జాతీ థీ", "మైఁ జాతా థా" అనే హిందీ వాక్యాలు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

తెలుగులో "చదివాను" అన్నవారు స్త్రీయో పురుషుడో ఆ మాటను బట్టి తెలియదు. చదివాడు, చదివింది అని ప్రథమపురుషలో ఉన్న భేదం ఉత్తమపురుషలో లేదు. ఇంగ్లీషులోనూ లేదు. కనుక పోలిష్ కథకురాలు మొదటి భూతకాల క్రియతోనే తాను స్త్రీనని తెలిపినా, ఇంగ్లీషులో ఆ సూచన అణగిపోతుంది. తెలుగులోకి వచ్చేసరికి దాని జాడ కూడా మిగలదు. 2018వ సంవత్సరపు నోబెల్ బహుమానం పొందిన ఓల్గా తోకార్చుక్ 2009లో ప్రకటించిన ఒక నవలకు యానినా దుషెయ్కో అనే వయసు మళ్ళిన స్త్రీ కథకురాలు. ఆమె తన పేరు చెప్పుకోనక్కరలేదు. ఆమె వాడే ప్రతి భూతకాల క్రియ ఆమె స్త్రీత్వాన్ని మోస్తూనే ఉంటుంది.

ఇక ఎదురు దిక్కున చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. తెలుగు కవి "నేను నడిచాను" అని వ్రాసినప్పుడు ఆ "నేను" ఎవరైనా కావచ్చును. చదివే స్త్రీ తానే అనుకోవచ్చును, పురుషుడూ అనుకోవచ్చును. పోలిష్‌లోకి మార్చే అనువాదకునికి ఆ స్వేచ్ఛ లేదు. మొదటి భూతకాల క్రియ దగ్గరనే అతడు ఒక నిర్ణయం చేయవలెను. కవి తలచని నిర్ణయం కావ్యంలోకి చేరుతుంది. హిందీలోకి అనువదింపబడే తెలుగు కవితలకూ ఇదే గతి.

రెండవ లక్షణం, పని ముగిసినదా లేదా అన్న వివేచన. "చితావమ్" అంటే ఆమె చదువుతూ కాలం గడిపిందని మాత్రమే తెలుస్తుంది. పుస్తకం పూర్తి అయినదీ లేనిదీ అందులో లేదు. ముందు ఒక ఉపసర్గ చేర్చి "ప్షెచితావమ్" అంటే చివరి పుట దాకా చదివి ముగించిందని అర్థం. పోలిష్ క్రియలలో చాలావాటికి ఇట్టి జంట రూపాలు ఉన్నవి. ముగిసిన పనికి వర్తమానం ఉండదు గనుక, "చితమ్" అంటే "చదువుతున్నాను" కాగా, "ప్షెచితమ్" అంటే "చదివి ముగిస్తాను" అనే భవిష్యదర్థమే వస్తుంది. ఇంగ్లీషు సామాన్య భూతకాలం ఈ రెండింటినీ ఒకే రూపంలో కలిపివేస్తుంది. తెలుగుకు మాత్రం ఈ భేదం చెప్పే శక్తి పుష్కలంగా ఉన్నది. చదువుతూ కూర్చున్నాను, చదువుకున్నాను, చదివేశాను, చదివి ముగించాను అన్నవి ఒకటి కావు. వాడుకోవడానికి సాధనం ఉన్నది. ఎక్కడ వాడవలెనో మూలం చూస్తేనే తెలుస్తుంది.

మూడవది విభక్తి. పుస్తకానికి ప్రథమారూపం "క్శోంష్క"; కర్మ కాగానే "క్శోంష్కె" అయినది. పోలిష్‌లో సంబోధనతో కలిపి విభక్తులు ఏడు. మన లెక్కలో పంచమికి అక్కడ వేరు రూపం లేదు; దాని పనిని షష్ఠి, ముందు ఒక అవ్యయం చేర్చుకొని నెరవేరుస్తుంది. అన్ని నామాలూ ద్వితీయలో మారవు. ఉత్తరం అనే అర్థంలోని "లీస్త్" అట్లే ఉంటుంది; సోదరుడు అనే అర్థంలోని "బ్రాత్" మాత్రం "బ్రాత" అవుతుంది. "ఉత్తరం చదివాను", "అన్నను చూశాను" అనే తెలుగు వాడుకతో దీనిని పోల్చవచ్చును. ప్రాణం ఉన్న కర్మకు గుర్తు కావలెనన్న భావం రెండు చోట్లా పనిచేస్తున్నది. అంతకంటె విశేషం వ్యతిరేకార్థంలో ఉన్నది. "చదవలేదు" అనగానే ద్వితీయ తొలగి షష్ఠి వస్తుంది: "న్యె చితావమ్ క్శోంష్కి". పని జరగలేదన్న సంగతి క్రియతో ఆగక, పుస్తకం రూపాన్ని కూడా మార్చివేస్తుంది.

నాలుగవది, లేని మాటను గూర్చినది. "క్శోంష్కె" ముందు ఏ ఉపపదమూ లేదు. ఏదో ఒక పుస్తకమా, తెలిసిన ఆ పుస్తకమా అన్నది సందర్భం చెబుతుంది. తెలుగు తీరూ ఇదే. ఇంగ్లీషు మాత్రం రెండింటిలో ఒకటి ఎన్నుకొని ఉపపదం చేర్చక తప్పదు. దానిని చూసి తెలుగు అనువాదకుడు "ఒక పుస్తకం చదివాను" అని వ్రాస్తాడు. మూలంలో లేని, తెలుగుకు అక్కరలేని "ఒక" మధ్యవర్తి భాష నుండి వచ్చి చేరుతుంది.

బహువచనంలో మరొక చిత్రం ఉన్నది. పురుషులు చదివితే "చితాలి", స్త్రీలు చదివితే "చితావి". స్త్రీలు వందమంది ఉన్నా వారిలో పురుషుడొక్కడు చేరితే "చితాలి" అనవలెను. స్త్రీలు చదివినా, పక్షులు ఎగిరినా క్రియాంతం ఒక్కటే. చిన్నయసూరి చెప్పిన మహత్తు, మహతి, అమహత్తుల విభాగం ఇక్కడ తలపుకు వస్తుంది. తెలుగులో ఏకవచనాన స్త్రీ అమహత్తుతో కలిసి "వచ్చింది" అవుతుంది; బహువచనాన మహత్తుతో కలిసి "వచ్చారు" అవుతుంది. పోలిష్‌లో ఏకవచనాన స్త్రీకి ప్రత్యేక రూపం ఉన్నది. బహువచనాన ఆమె పక్షుల వరుసలో చేరుతుంది. ఒకరి తీరును మరొకరు తప్పుపట్టడానికి వీలు లేదు.

మధ్యవర్తి భాష మీద ఆధారపడడం తెలుగువారికే ఏర్పడిన అగత్యం కాదు. స్తానిస్వావ్ లెమ్ 1961లో ప్రకటించిన "సొలారిస్" నవల 1970లో ఇంగ్లీషులోకి వచ్చినది ఫ్రెంచి అనువాదం నుండి. పోలిష్ నుండి నేరుగా చేసిన ఇంగ్లీషు అనువాదం 2011 వరకు వెలువడలేదు. భాష అంతా నేర్చిన తరువాతనే అనువాదానికి పూనుకోవలెనంటే అది అందరికీ సాధ్యం కాదు. కాని మూలగ్రంథం దగ్గర ఉంచుకొని, "మ్" ముందు అకారం ఉన్నదా ఎకారం ఉన్నదా, క్రియ ముందు ఉపసర్గ ఉన్నదా లేదా అని చూడగలిగినంత పరిచయం కొద్ది నెలల శ్రమతో లభిస్తుంది. ఆపాటి పరిచయం ఉన్నవానికి, చదివినది ఎవరో, చదవడం ముగిసిందో లేదో ఇంగ్లీషును అడగవలసిన పని ఉండదు.